ఫోన్‌లో 49, డాష్‌బోర్డులో 63

ఎలక్ట్రిక్ కార్లని క్యాబ్‌లుగా తిప్పించే యజమానులకీ, వాటిని నడిపే డ్రైవర్లకీ మధ్య ఈమధ్య తరచూ వినిపిస్తున్న ఒక పేచీ గురించి ఇవాళ మాట్లాడతాను. బండి శంషాబాద్ విమానాశ్రయం పార్కింగ్‌లో ఉంటుంది. యజమాని కూకట్‌పల్లిలో కూర్చుని ఫోన్‌లో ట్రాకర్ యాప్ చూస్తుంటాడు. "ఏందయ్యా, పొద్దున ఫుల్ చేసుకొని పోయినవ్ గద, అప్పుడే 49కి పడ్డదేంది? ఏసీ ఏసుకొని పండుకున్నవా?" అని ఫోన్ చేస్తాడు. "లేదన్నా, బండ్ల 63 సూపిస్తున్నది. కావాలంటె ఫోటో పెడ్త" అంటాడు డ్రైవరు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. యాప్‌లో ఉన్నది 49, డాష్‌బోర్డు మీద ఉన్నది 63. మధ్యలో 14 శాతం ఎక్కడికి పోయింది?

ఇది తీసిపారేసే తేడా కాదు. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారులో 14 శాతమంటే నాలుగు యూనిట్ల పైచిలుకు. ఊళ్లో నడిపితే పాతిక కిలోమీటర్ల మాట. యాప్ చూసి యజమాని "ఈ ట్రిప్ వద్దు, ఛార్జింగ్‌కి పో" అన్నాడంటే ఒక కిరాయి పోయినట్టే, ఛార్జర్ దగ్గర గంటసేపు వృథా అయినట్టే. అంతకు మించిన నష్టం ఇంకోటుంది. డ్రైవరు బండి సరిగ్గా నడపడం లేదనో, బ్యాటరీ అప్పుడే దెబ్బతిందనో యజమాని మనసులో పడిపోతుంది. మొదటి అనుమానం ఒక మనిషి జీతానికి ఎసరు పెడుతుంది. రెండోది లక్షల ఖరీదు చేసే బ్యాటరీ గురించి నిద్ర లేకుండా చేస్తుంది. చాలాసార్లు ఈ రెండు అనుమానాలూ తప్పే. ట్రాకర్‌కి ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. నేను చెప్పదలచుకున్నది ఆ అడగడం ఎలాగన్నదే.

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. ట్రాకర్ బ్యాటరీని కొలవదు. కారులో సీటు కింద పరుచుకుని ఉన్న పెద్ద బ్యాటరీకి తనదైన కంప్యూటర్ ఒకటి ఉంటుంది. దాన్ని బీఎంఎస్ అంటారు. కొలవడం, లెక్కకట్టడం దాని పని. ట్రాకర్ చేసేదల్లా కారుని అడగడం, కారు చెప్పిన జవాబుని తనకి తెలిసిన పద్ధతిలో అర్థం చేసుకుని సిమ్ కార్డు ద్వారా సర్వర్‌కి పంపడం. సర్వర్ దాన్ని మన ఫోన్‌కి పంపుతుంది. అడగడంలో పొరపాటు జరగొచ్చు, అర్థం చేసుకోవడంలో జరగొచ్చు, పంపడంలో ఆలస్యం కావచ్చు. కొన్ని ట్రాకర్లయితే అసలు అడగనే అడగవు. వేరే బ్యాటరీ సంగతి చెప్పి ఊరుకుంటాయి.

వేరే బ్యాటరీ ఎక్కడిదంటారేమో. ట్రాకర్ పెట్టించిన ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీలు మూడు. చక్రాలు తిప్పేది ఒకటి, అది కొన్ని వందల వోల్టులది. లైట్లకి, హారన్‌కి, తాళాలకి, కంప్యూటర్లకి కరెంటిచ్చేది రెండోది, పెట్రోలు బండిలో ఉండేలాంటి 12 వోల్టులదే. మూడోది ట్రాకర్ డబ్బా లోపల ఉండే చిన్న బ్యాటరీ. ఎవరైనా వైరు పీకేసినా కాసేపు బండి ఆచూకీ చెప్పడానికి దాన్ని పెడతారు. మన దేశంలో ప్రయాణికుల వాహనాలకి ట్రాకర్ ఎలా ఉండాలో చెప్పే ఏఐఎస్-140 అనే ప్రమాణం ఉంది. క్యాబ్‌లకి, బస్సులకి పెట్టే ట్రాకర్లు దాని ప్రకారమే తయారవుతాయి. ఆ పరికరం పంపే సమాచారంలో వోల్టేజీలు రెండు ఉంటాయి. బండి నుంచి తనకొచ్చే కరెంటుది ఒకటి, తన లోపలి బ్యాటరీది ఒకటి. ఈ రెండింటికీ చక్రాలు తిప్పే బ్యాటరీతో ఏ సంబంధమూ లేదు. అయినా యాప్‌లో "బ్యాటరీ" అని పక్కన ఒక శాతం కనిపిస్తే, అది కారు ఛార్జింగే అనుకోవడం మనకి సహజం.

కాబట్టి మొదటి ప్రశ్న: యాప్ చూపిస్తున్నది ఏ బ్యాటరీని? దీనికి ఎవరినీ అడగక్కర్లేదు, ఒక పూట గమనిస్తే చాలు. 12 వోల్టుల బ్యాటరీ బండి ఆపి ఉన్నప్పుడు, నిండుగా ఉంటే 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. సగానికి వస్తే 12.2 దగ్గరికి దిగుతుంది. బండి స్టార్ట్ చేయగానే పెద్ద బ్యాటరీ నుంచి దీనికి ఛార్జింగ్ మొదలవుతుంది. అప్పుడు 13.5కీ 14.5కీ మధ్యకి లేస్తుంది. యాప్‌లో శాతం బండి ఆన్ చేయగానే నూటికి ఎగిరి, ఆపగానే కిందికి దిగుతోందంటే మీరు చూస్తున్నది ఈ 12 వోల్టుల బ్యాటరీని. అలా కాకుండా రోజంతా 200 కిలోమీటర్లు తిరిగినా 97 దగ్గర కదలకుండా కూర్చుందంటే అది ట్రాకర్ సొంత బ్యాటరీ. ఈ రెండు సందర్భాల్లోనూ రిపేరు చేయాల్సింది ఏమీ లేదు. సర్వీస్ ఇచ్చేవాళ్లకి చెప్పి యాప్‌లో ఆ గడి పేరు మార్పించాలి, కారు ఛార్జింగ్‌కి వేరే గడి పెట్టించాలి. మీరు కొన్న ట్రాకర్‌కి కారుతో మాట్లాడే శక్తే లేకపోతే, ఆ మాట మొహమాటం లేకుండా చెప్పమనాలి. కేవలం ఎర్ర వైరు, నల్ల వైరు, ఇగ్నిషన్ వైరు కలిపి బిగించిన ట్రాకర్‌కి పెద్ద బ్యాటరీ సంగతి తెలిసే దారే లేదు.

ఇక కారుతో నిజంగా మాట్లాడే ట్రాకర్ సంగతికి వద్దాం. అసలైన చిక్కు ఇక్కడే ఉంది.

స్టీరింగ్ కింద మోకాలు తగిలేచోట 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. మెకానిక్ స్కానర్ పెట్టేది అందులోనే. ఓబీడీ పోర్ట్ అంటారు. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఇది తప్పనిసరి అయింది. ఎందుకు పెట్టారు? పొగ కోసం. ఇంజన్ వదిలే కాలుష్యాన్ని అదుపులో ఉంచే భాగాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో ఏ కంపెనీ కారునైనా ఒకే స్కానర్‌తో చూడగలగాలన్నది ఉద్దేశం. అందుకని అన్ని కంపెనీలూ ఒకేలా జవాబు చెప్పాల్సిన ప్రశ్నల జాబితా ఒకటి తయారైంది. ఇంజన్ ఎన్నిసార్లు తిరుగుతోంది, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, ఇలాంటివి. హైబ్రిడ్ బ్యాటరీలో ఎంత మిగిలిందన్న ప్రశ్న కూడా అందులో చేరింది.

ఎలక్ట్రిక్ కారుకి పొగ గొట్టం లేదు. పొగ కోసం పుట్టిన నిబంధన కిందికి అది రాదు. చాలా కంపెనీలు సాకెట్ అయితే ఉంచాయి గానీ, ఆ పాత ఉమ్మడి ప్రశ్నలకి జవాబివ్వడం మానేశాయి. ప్రతి కంపెనీ తన బీఎంఎస్‌ని అడగడానికి తనదైన ప్రశ్న, జవాబివ్వడానికి తనదైన పద్ధతి పెట్టుకుంది. టెస్లా మోడల్ 3లో అయితే మామూలు ఓబీడీ సాకెట్టే లేదు, ప్రత్యేకమైన అడాప్టర్ వేసుకోవాలి. హ్యుందాయ్‌కి వేసిన ప్రశ్న టాటాకి అర్థం కాదు. ఒకే కంపెనీలో కూడా పాత మోడల్‌కి, కొత్త మోడల్‌కి జవాబులో స్థానాలు మారిపోవచ్చు. ట్రాకర్ బిగించే కుర్రాడు సెట్టింగులలో కారు మోడల్ ఎంచుకునేటప్పుడు జాబితాలో ఒక వరస పైదో కిందిదో నొక్కాడంటే, ఆ రోజు నుంచి మీ యాప్‌లో శాతం తప్పుగానే వస్తుంది. పైగా అది చూడ్డానికి నిజంలాగే ఉంటుంది. 300 శాతం అని చూపిస్తే ఎవరైనా పట్టేస్తారు. 49 అని చూపిస్తే ఎవరు అనుమానిస్తారు?

మన 49, 63ల లెక్క ఒకసారి విప్పి చూద్దాం. కారు తన జవాబులో శాతాన్ని నేరుగా పంపదు. సున్నా నుంచి 255 వరకు పట్టే ఒక చిన్న అంకెల గడిలో పెట్టి పంపుతుంది. కొన్ని కార్లు అరశాతాన్ని ఒక మెట్టుగా లెక్కపెడతాయి. అంటే 63 శాతానికి గడిలో 126 ఉంటుంది. చదివేవాడు దాన్ని రెండుతో భాగించాలి. పాత ఉమ్మడి జాబితాలో పద్ధతి వేరు. అక్కడ 255 అంటే నూరు శాతం. పెట్రోలు ట్యాంకుకీ అదే లెక్క, హైబ్రిడ్ బ్యాటరీకీ అదే లెక్క. ఇప్పుడు 126ని ఆ పాత లెక్కలో వేసి చూడండి. నూటితో గుణించి 255తో భాగిస్తే 49.4 వస్తుంది. డ్రైవరు చూసిన 63, యజమాని చూసిన 49 రెండూ ఒకే గడిలోంచి వచ్చాయి. బ్యాటరీ ఏమీ కోల్పోలేదు. ఏసీ వేసుకుని ఎవరూ పడుకోలేదు. ట్రాకర్‌కి తప్పు సూత్రం ఇచ్చారు, అంతే.

ఈ తప్పుని ఇంట్లో కూర్చుని పట్టుకోవచ్చు. బండి ఛార్జింగ్ నిండిన వెంటనే ఒకసారి, సగంలో ఒకసారి, 20 దగ్గరికి వచ్చాక ఒకసారి డాష్‌బోర్డు ఫోటో తీయించండి. అవే నిమిషాల్లో యాప్ స్క్రీన్‌షాట్ కూడా పట్టుకోండి. ఫోటో తీసేటప్పుడు బండి ఆన్‌లోనే ఉండాలి, టైమ్ కనిపించాలి. ఆ మూడు జంటలనీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది.

డాష్‌బోర్డు నూరు చూపించినప్పుడు యాప్ 78, డాష్‌బోర్డు 63 అన్నప్పుడు 49, డాష్‌బోర్డు 20 అన్నప్పుడు 16 దగ్గర ఉంటే, తేడా పైన ఎక్కువగా, కింద తక్కువగా ఉంది కదా. ఏ జంటని భాగించినా దాదాపు ఒకే నిష్పత్తి వస్తుంది. ఇది సూత్రం తప్పు. ఎంత ఛార్జ్ చేసినా యాప్‌లో 78 దాటడం లేదని ఎవరైనా చెప్తే సర్వీస్ వాళ్లకి అక్కడే అర్థం కావాలి. సెట్టింగులలో కారు మోడల్, సంవత్సరం, వేరియంట్ సరిచేస్తే పోతుంది. కారుకున్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు కూడా వాళ్లకి ఇవ్వండి. అందులో మోడల్ వివరాలు ఉంటాయి.

అలా కాకుండా తేడా నాలుగైదు శాతం మించకుండా, ఎప్పుడూ అటూఇటూగా అంతే ఉంటే కథ వేరు. బ్యాటరీని అంచుల దాకా నింపితే, అడుగంటా ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుందని కంపెనీలు పైన కొంత, కింద కొంత దాచి ఉంచుతాయి. అసలు బ్యాటరీలో ఉన్న శాతం ఒకటి, నడిపేవాడికి డాష్‌బోర్డులో చూపించే శాతం ఇంకొకటి. హ్యుందాయ్ కోనాలో ఈ రెండూ వేర్వేరు గడుల్లో ఉంటాయి, డాష్‌బోర్డు నూరు చూపించేటప్పటికి లోపలి లెక్క నూటికి కొంచెం తక్కువగానే ఉంటుంది. ట్రాకర్ లోపలి లెక్కని చదువుతోంటే అది తప్పని అనలేం. కానీ ట్రిప్పులు నిర్ణయించడానికి మనకి పనికొచ్చేది డ్రైవరు కళ్లెదుట ఉన్న శాతమే. దాన్నే పంపేలా మార్చమని అడగాలి.

నిన్నటిదాకా సరిగ్గా ఉండి, ఫలానా రోజు నుంచి హఠాత్తుగా తప్పయిందనుకోండి. ఆ రోజు ఏం జరిగిందో డ్రైవర్ని నెమ్మదిగా అడగండి. చాలావరకు కారు సర్వీసింగుకి వెళ్లి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించుకుని వచ్చి ఉంటుంది, లేకపోతే ట్రాకర్‌కే అప్‌డేట్ వచ్చి ఉంటుంది. తేదీ చెప్పగలిగితే సర్వీస్ వాళ్ల పని సగం అయిపోతుంది.

తేడాకి తర్వాతి కారణం పాతబడిన అంకె. ఇది ఎక్కువమందిని మోసం చేసేది, ఎందుకంటే ఇందులో అంకె నిజమైనదే, కాకపోతే నిన్నటిది. బండి ఆపి తాళం వేసిన కొన్ని నిమిషాలకి కారులోని కంప్యూటర్లు నిద్రలోకి జారుకుంటాయి. మంచి ట్రాకర్ ఆ సమయంలో కారుని ప్రశ్నలు అడగడం ఆపేస్తుంది. ఆపకపోతే కారు నిద్రపోదు, తెల్లారేసరికి 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయి బండి తలుపు కూడా తీయనివ్వదు. అందువల్ల రాత్రి 22 శాతం దగ్గర ఛార్జింగ్ పెట్టి ఇంటికెళ్తే, పొద్దున ఆరింటికి కూడా యాప్‌లో 22 అనే ఉండొచ్చు. ఛార్జర్ పనిచేయలేదేమోనని కంగారుపడి ఫోన్లు చేసుకుంటారు. బండి ఆన్ చేసిన రెండు మూడు నిమిషాలకి ఒక్కసారిగా నూరుకి ఎగురుతుంది.

ఇక్కడ యాప్‌లు తయారుచేసేవాళ్ల మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. చాలా యాప్‌లలో పైన "2 నిమిషాల కిందట" అని రాసి ఉంటుంది. ఆ రెండు నిమిషాలు బండి ఉన్న చోటుకి సంబంధించినవి. జీపీఎస్ ట్రాకర్ లోపలే ఉంటుంది కాబట్టి అది నిద్రపోదు, చోటు ఎప్పటికప్పుడు తాజాగా వస్తూనే ఉంటుంది. కారు చెప్పిన ఛార్జింగ్ శాతం మాత్రం రాత్రి పదింటిది. రెండిటినీ ఒకే టైమ్ కింద అతికించి చూపించడం చూసేవాడిని తప్పుదారి పట్టించడమే. ఛార్జింగ్ శాతం పక్కన, ఆ శాతం ఎప్పుడు వచ్చిందో ఆ టైమ్ విడిగా చూపించాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది పెద్ద పనేమీ కాదు. మీరు ట్రాకర్ కొనేముందు ఈ ఒక్క సంగతి అడిగి చూడండి. అడిగిన ప్రశ్న అర్థమైన కంపెనీ దగ్గరే కొనండి.

సిగ్నల్ లేని చోట్ల ఇంకో రకం ఆలస్యం వస్తుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి దిగాక చాలాచోట్ల ఫోన్ పనిచేయదు. ట్రాకర్ ఆ సమయంలో వివరాలన్నీ తన దగ్గరే దాచుకుని, సిగ్నల్ రాగానే గుంపుగా పంపుతుంది. సర్వర్ వాటిని ట్రాకర్ రాసుకున్న టైమ్ ప్రకారం పేర్చాలి. తనకి అందిన టైమ్ ప్రకారం పేర్చితే ఘాట్ ఎక్కేటప్పటి శాతం, దిగేటప్పటి శాతం కలగాపులగమై గ్రాఫ్ రంపపు పళ్లలా కనిపిస్తుంది. ఇక రిపోర్టులో ప్రతి అంకె సరిగ్గా ఐదున్నర గంటల తేడాతో వస్తోందంటే, సర్వర్ గ్రీనిచ్ టైమ్‌లో రాసుకుంటోంది, మన టైమ్‌కి మార్చడం మర్చిపోయారు. ఒక సెట్టింగుతో పోతుంది.

ఇంతవరకు డాష్‌బోర్డుని నమ్మి ట్రాకర్‌ని తప్పుపట్టాం. కానీ రెండూ ఒకే శాతం చూపిస్తూ, రెండూ తప్పయిన సందర్భాలు ఉంటాయి. 15 శాతం ఉందనుకున్న బండి నాలుగు కిలోమీటర్లు వెళ్లేసరికి 5కి పడిపోతుంది. లేదా 9 శాతం చూపిస్తూనే ఆగిపోతుంది. ట్రాకర్ విన్నది విన్నట్టే చెప్పింది. బీఎంఎస్ లెక్కే జారిపోయింది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడం మన దగ్గరి కార్లకి చాలా అవసరం. మన రోడ్ల మీద తిరుగుతున్న టాటా నెక్సాన్ ఈవీ, టియాగో ఈవీ, ఎంజీ జడ్‌ఎస్ ఈవీ కొత్త మోడల్, బీవైడీ ఈ6 లాంటివి ఎల్‌ఎఫ్‌పీ అనే రకం సెల్స్‌తో నడుస్తాయి. లిథియం, ఇనుము, ఫాస్ఫేట్ కలిసినవి. వేడికి తట్టుకుంటాయి, ఎక్కువకాలం మన్నుతాయి, మన ఎండలకి మంచివే. కానీ వాటిలో ఎంత మిగిలిందో కనుక్కోవడం కష్టం. నికెల్ ఉన్న సెల్స్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు చూపించి, ఖాళీ అవుతున్న కొద్దీ మెల్లగా దిగుతూ వస్తాయి. వోల్టేజీ చూసి శాతం అంచనా వేయొచ్చు. ఎల్‌ఎఫ్‌పీ సెల్ అలా కాదు. 80 శాతం దగ్గర ఎంత చూపిస్తుందో 30 శాతం దగ్గర కూడా దాదాపు అంతే, 3.3 వోల్టుల చుట్టుపక్కలే. విశ్రాంతిగా ఉన్నప్పుడు కొలిస్తే పదోవంతు వోల్టు తేడా కూడా రాదు. నిండే చోటా, అడుగంటే చోటా మాత్రమే వోల్టేజీ గబగబా మారుతుంది.

అందుకని బీఎంఎస్ ఇంకో దారి పట్టింది. లోపలికి ఎంత కరెంటు వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని క్షణక్షణం లెక్క రాస్తూ ఉంటుంది. పాతకాలపు గాదెలో ధాన్యం సంగతి తెలిసినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. పోసిన బస్తాలు, తీసిన బస్తాలు గుర్తుపెట్టుకుంటూ లెక్క చెప్తారు. కొలత కొంచెం అటో ఇటో అయినా నెలలు గడిచేకొద్దీ లెక్కకీ గాదెకీ పొంతన ఉండదు. గాదె అంచుదాకా నిండినప్పుడో, అడుగు కనిపించినప్పుడో మాత్రమే లెక్క మళ్లీ నికరమవుతుంది. బ్యాటరీకీ అంతే. ఉదాహరణకి 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉన్న బండిలో కరెంటు కొలిచే సెన్సార్ అర ఆంపియర్ తప్పు చూపిస్తోందనుకుందాం. బండి రోజుకి పది గంటలు పనిచేస్తే 5 ఆంపియర్-అవర్లు, అంటే 5 శాతం తేడా ఒక్క రోజులో వచ్చేస్తుంది. నిజమైన సెన్సార్లు ఇంతకంటే నయంగానే ఉంటాయి, కానీ సరిచేసే అవకాశం ఇవ్వకపోతే చిన్న తేడాలే పోగుపడతాయి.

ఆ అవకాశం చాలా క్యాబ్‌లకి దొరకడం లేదు. తెల్లారితే ట్రిప్పులు. మధ్యాహ్నం ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ముప్పావుగంట నిలబెట్టి 80 దాకా ఎక్కిస్తారు, మళ్లీ రోడ్డెక్కుతారు. 20కీ 80కీ మధ్యే బండి బతుకు గడిచిపోతుంది. నిండే చోటుకి ఎప్పుడూ వెళ్లదు, లెక్క సరిచూసుకునే వీలు బీఎంఎస్‌కి దొరకదు. టెస్లా తన ఎల్‌ఎఫ్‌పీ కార్లని కనీసం వారానికొకసారి నూరు శాతం ఛార్జ్ చేయమని యజమానుల పుస్తకంలో రాసింది ఇందుకే. మీ కారు కంపెనీ మాన్యువల్‌లో ఏం రాసి ఉందో చూసి, దాని ప్రకారమే చేయండి. ఎల్‌ఎఫ్‌పీ బండి అయితే వారంలో ఒక రాత్రి మామూలు ఏసీ ఛార్జర్‌కి తగిలించి, దానంతట అదే ఆగేదాకా వదిలేయడం మంచి అలవాటు. నూరు కనిపించగానే తీసేయకండి. చివర్లో సెల్స్‌ని ఒకదానితో ఒకటి సరిచూసుకోవడానికి బీఎంఎస్‌కి కొంత సమయం పడుతుంది. అలా ఒకట్రెండు సార్లు చేశాక కూడా కింద శాతాలు హఠాత్తుగా పడిపోతూ ఉంటే, ఏదో ఒక సెల్ మిగతావాటికంటే బలహీనపడి ఉండొచ్చు. వందకి పైగా సెల్స్ వరసగా ఉన్న చోట అన్నిటికంటే నీరసమైనది ఖాళీ అయితే మొత్తం బండి ఆగిపోవాల్సిందే. అప్పుడు ట్రాకర్ వాళ్లతో వాదించి లాభం లేదు, వారంటీ కాగితాలు పట్టుకుని కారు సర్వీస్ సెంటర్‌కి వెళ్లాలి. ఆ మూడు ఫోటోల జంటలు అక్కడ కూడా సాక్ష్యంగా పనికొస్తాయి.

శాతం పక్కన కనిపించే కిలోమీటర్ల సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. అది కొలత కాదు, అంచనా. మొన్నటిదాకా బండి ఎలా నడిచిందో చూసి ఇకముందు ఎంత దూరం వెళ్లగలదో చెప్పే ఊహ. దాన్ని పట్టుకుని ఎవరితోనూ తగువు పెట్టుకోకండి.

వైరింగ్ గురించి కూడా కొంచెం చెప్పాలి. ట్రాకర్ నల్ల వైరుని పెయింటు గీకకుండా బాడీకి బిగిస్తే ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, 12 వోల్టుల రీడింగు తక్కువ చూపిస్తుంది, పరికరం మధ్యమధ్యలో ఆగిపోతుంది. బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర ఒకసారి, ట్రాకర్ కనెక్టర్ దగ్గర ఒకసారి మల్టీమీటర్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఓబీడీ సాకెట్‌కి రెండు దారుల వైరు వేసి ట్రాకర్‌తో పాటు బ్లూటూత్ డాంగిల్ కూడా తగిలించేవాళ్లున్నారు. రెండు పరికరాలూ ఒకేసారి బీఎంఎస్‌ని అడిగితే, ఒకదానికి రావాల్సిన జవాబు ముక్కలు ఇంకొకదాని జవాబులో కలిసిపోతాయి. శాతం ఒక్కసారి సున్నాకో, ఎక్కడికో గెంతి మళ్లీ మామూలవుతుంది. డాంగిల్ తీసేసి ఒక రోజు చూడండి. ఇవి తప్ప మిగతా ఏ వైరునీ ముట్టుకోవద్దు. నారింజ రంగు తొడుగున్న కేబుల్స్ ఎక్కడ కనిపించినా చేయి పెట్టకండి. వాటిలో మనిషి ప్రాణం తీసే కరెంటు ఉంటుంది. ట్రాకర్ బిగించే కుర్రాళ్లకి ఈ సంగతి నేర్పించే బాధ్యత వాళ్లని పనిలో పెట్టుకున్నవాళ్లది.

ఇంత తిప్పలు ఎందుకు పడాలి, కారు తన ఛార్జింగ్ ఎంతో అందరికీ ఒకేలా చెప్పేలా నిబంధన పెట్టకూడదా అని మీరు అడగొచ్చు. పెట్టొచ్చు, కొన్నిచోట్ల పెట్టారు కూడా. కాలిఫోర్నియా రాష్ట్రం 2022లో ఆమోదించిన నిబంధనల్లో, 2026 మోడల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లు తమ బ్యాటరీ ఆరోగ్యం ఎంతుందో యజమానికి నేరుగా చూపించాలని, కొన్ని వివరాలని ఉమ్మడి పద్ధతిలో చదవనివ్వాలని రాసుకుంది. యూరప్ 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టం కూడా బీఎంఎస్‌లో ఉన్న ఆరోగ్య వివరాలు కొనుక్కున్నవాడికి చదివే హక్కు ఇచ్చింది. పొగ కోసం 1996 నాటికే అమెరికా ఒక ఉమ్మడి భాష తయారుచేసుకోగలిగింది. బ్యాటరీ కోసం మన దేశంలో కూడా అలాంటిది రావాలి. డబ్బు పెట్టి కొనుక్కున్న బ్యాటరీలో ఎంత ఉందో తెలుసుకోవడానికి యజమాని కంపెనీల గుట్టు ఛేదించాల్సిన పని ఉండకూడదు.

అది వచ్చేదాకా యజమానులకి నా విన్నపం ఒక్కటే. యాప్‌లో కనిపించిన శాతాన్ని చూసి డ్రైవరు జీతంలో కోత పెట్టకండి, ట్రిప్పు ఆపకండి. ముందు డాష్‌బోర్డు ఫోటో పంపమనండి. డ్రైవర్లకి కూడా చెప్తున్నాను. డ్యూటీ ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి, టైమ్ కనిపించేలా డాష్‌బోర్డు ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. పేచీ వచ్చిన రోజు మీ తరఫున మాట్లాడేది ఆ ఫోటోలే.